మూడో మెట్టుకెల్లి రెండో మెట్టుకు

దేవరకొండ డిగ్రీ కాలేజీల
ఫిజిక్స్ చీకటి గది అంటే ఏం లేదు,
స్టోర్ రూము కిటికీలకు నల్ల గుడ్డ కడితే అదే.
గుడ్డకు చిల్లులు.
పగటీలి ఎండ వాటిల్లకెల్లి దూరి
మా హైడ్రోజన్ కంటే ముందుగాల
గోడ మీద తన గీతలు గీస్తది.

బిక్షమయ్య చిల్లులకు పాత పేపరు అంటిస్తడు.
స్టాండుకు గొట్టం బిగిస్తడు, మీట నొక్కుతడు.
గది నిండ కందిరీగల మోత.
గొట్టంల సన్నటి గులాబి మంట,
పొగ లేదు, బూడిద లేదు.
"గీత పడ్డదా?"
ఒక్కో పిల్లను, ఒక్కో పిలగాన్ని అడుగుతడు.
ఇరవై రెండేండ్ల సంది.
పడ్డది తాతా, అంటరు.
ఆయన మల్ల పోయి స్టూలు మీద కూసుంటడు
మెడ తిప్పకుండ, మొత్తం ఒళ్లే తిప్పి.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి
బొక్కలు బిగుసుకున్న మనిషి.

కేతావత్ మంజుల, సెకండియర్, రోల్ నంబర్ పదిహేడు,
అడిగేదాక నాకు తట్టలే:
"సార్, తాత ఎన్నడన్న చూసిండా?"

స్పెక్ట్రోమీటర్ దుర్భిణి
వంగి చూసేటంత ఎత్తుల ఉంటది.
వంగలేనోళ్లు ఉంటరని
దాన్ని చేసినోళ్లకు ఎవరూ చెప్పలే.
నాకు ఎవరు చెప్పాలె? రోజూ చూస్తనే ఉన్న.

బల్ల మీద బల్ల. దాని మీద చాక్‌పీసు పెట్టెలు,
పోయినేటి రికార్డుల కట్టలు రెండు.
పైకెత్తినంక అంతా మొదటికెల్లి:
నీటిబుడగ నడుమకు వచ్చేదాక మరలు తిప్పుడు,
సందును వెంట్రుకంత చేసుడు, గ్రేటింగ్ నిలబెట్టుడు.
గంట పాయె.
కరెంటు గూడ ఒకపారి పాయె, మల్ల వచ్చె.

బిక్షమయ్య నిలబడ్డడు నిట్టనిలువుగ,
ఎప్పటికీ ఎట్లుంటడో అట్లనే.
కన్ను ఆనిచ్చిండు.

"ఎర్రగున్నది."
చాలసేపు ఇంకేం అనలే.
"సూదితోని గీకినట్టు. గింతేనా?"

"తాతా, మీ బాయికి దిగుడురాళ్లు ఉండెనా?"
"ఉండె. గోడలకెల్లి పొడుసుకొచ్చి."
"రాయికీ రాయికీ నడుమ కాలు పెడితే?"
"ఏం పెడతవు బిడ్డా, గాలి."
"ఇదీ అంతే. లోపల ఒక్కటే ఒక్కటి,
మీది రాయికెల్లి కింది రాయికి దుంకుతది.
నడుమ ఆగేతందుకు జాగ లేదు.
ఎంత ఎత్తు తగ్గిందో అంత వెలుగు అప్పజెప్పుతది,
పైసా ఎక్కువ గాదు, పైసా తక్కువ గాదు.
అడుగుకెల్లి లెక్కపెడితే
మూడో రాయికెల్లి రెండోదానికి ఈ ఎరుపు.
నాలుగుకెల్లి అయితే నీలం, కొంచెం పక్కకు జరుపు.
పైకి పోను పోను రాళ్లు దగ్గరపడతయి."

"అట్టడుగు రాయి దాక దుంకితే?"

దానికి నేను జవాబు చెప్పిన:
ఆ వెలుగు పెద్దది. మన కంటికి ఆనదు.

తల ఊపబోయి ఒళ్లంత ఊపిండు.
"అడుగుకు పడ్డది ఎవలకూ కనబడదు.
గది నాకు ఎరుకే."

మంజుల నా దిక్కు చూసింది.
నేను గొట్టం దిక్కు చూసిన.

"ఇది నీళ్లల్ల గూడ ఉంటదంటిరి గద?"
ఉంటది, ప్రతి బొట్టుల.
కని నిన్ను పట్టింది ఇది గాదు,
రాళ్లల్లకెల్లి కరిగి దాని ఎంబడి వచ్చింది వేరే.
"అట్లయితే దీంతోని నాకు లడాయి లేదు"
అనుకుంట మల్ల కన్ను ఆనిచ్చిండు.
ఇంటికి పోయే బస్సు టైమయిందని
ఎవరూ యాది చెయ్యలే.

సోమవారం మంజుల రికార్డు నా బల్ల మీద.
పట్టికల ఒక వరుస ఎక్కువున్నది:
ఎర్ర గీత, ఎడమ దిక్కు,
చూసినవారు: బిక్షమయ్య.
కోణం మాయన్నిటి కంటే పావు డిగ్రీ తేడా.
"కొట్టెయ్యాల్నా సార్?"
ఎర్ర పెన్ను మూత తీసి, మల్ల పెట్టి,
వద్దు, సగటుల కలుపు, అని చెప్పిన.